పెద్దమామ చేను దాకా

మా పెద్దమామ పోయి ఏడాదైంది. సంవత్సరీకానికి అమ్మను వెంటబెట్టుకుని కదిరి పక్కనున్న వాళ్ల ఊరికి వెళ్లొచ్చాను. ఆయనది పేపర్లో పడే బతుకేమీ కాదు. ఐదెకరాల ఎర్రనేల, వానను నమ్ముకున్న వేరుశనగ, ముగ్గురు పిల్లలు, సొంత తమ్ముడితో తెగని గట్టు తగాదా. 74 ఏళ్లు బతికి, సరిగ్గా కాయలు ఎండబోసే రోజుల్లో పోయాడు. ఆయన గురించి జనం చెప్పినవీ, నేను చూసినవీ మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

నవంబరు 14, కదిరి

బస్సు తెల్లవారకముందే దింపేసింది. చలి బాగానే ఉంది. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో అప్పుడే బాణలి పొయ్యి మీదికెక్కింది. ఉగ్గాని, మిరపకాయ బజ్జి చెప్పాం. బొరుగులు నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, వేగిన ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయల్లో వేసి కలిపి, పైన పుట్నాల పొడి చల్లి ఇచ్చాడు. ప్లేటు 40 రూపాయలు. ఇద్దరికీ కడుపు నిండిపోయింది.

హోటలాయన గరిటె చేతిలో పట్టుకునే, "ఎవురింటికొచ్చినారమ్మా?" అని అడిగాడు. ఈ వైపు కొత్త మనిషి పేరుతో ఎవరికీ పనిలేదు, ఎవరి తాలూకో తెలియాలి. అమ్మ ఊరు చెప్పింది, వాళ్లన్న ఆనవాళ్లు చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించాడు.

"పొడుగ్గా, బీడీ తాగుతా ఉండె, ఆ పెద్దాయనేనా? సద్ది మూట తెచ్చుకోని ఆ అరుగు మీదే కూసోని తింటాండె. నా దగ్గర టీ ఒగటి. అంతే. ఇన్నేండ్లలో ఒగ బజ్జి కొనలేదు సామీ."

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మామ పిసినారితనం మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

నరసింహస్వామి దర్శనం కాకుండా ఊరికి కదలనని అమ్మ పట్టుబట్టింది. గుడి దగ్గర కనకాంబరాలు మూర 30 రూపాయలంటే బేరమాడకుండా కొన్నది, అది నాకు ఆశ్చర్యం. ఇక్కడ తేరు లాగే రోజున జనం రథం మీదికి మిరియాలు, దవనం విసురుతారు. చిన్నప్పుడు వాళ్లన్న తనను భుజాల మీద ఎక్కించుకున్నాడనీ, తాను విసిరిన మిరియాలన్నీ ముందున్న పూజారి నెత్తిన పడ్డాయనీ చెప్పింది. ఈ కథ నేను చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ మిరియాలు పడే నెత్తి మారుతుంటుంది.

అమ్మను గుడి మండపంలో కూర్చోబెట్టి, మామ కాయలు వేసే మండీ వెతుక్కుంటూ వెళ్లాను. అక్కడ ముసలి గుమాస్తా ఒకాయన ఉన్నాడు. మామ మేనల్లుణ్ణని చెప్పగానే కుర్చీ లాగి వేశాడు. పక్కన కుప్పలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు, తర్వాత నా చేతికిచ్చి నన్నూ ఆడించమన్నాడు. లోపల గింజలు గలగలలాడాయి. బాగా ఎండిన కాయకు ఆ చప్పుడుంటుంది, పచ్చి మిగిలితే ఉండదు. ఆ తర్వాత గుప్పెడు కాయలు వలిచి, పప్పు ఒకపక్క, తొక్కలు ఒకపక్క పెట్టాడు. పప్పు నిండుగా, గులాబీ రంగులో నిగనిగలాడుతుంటే ఒక ధర. ముడతలు పడి సన్నబడితే ఇంకో ధర. ఆ ముడత చూసి, పైరుకు ఆఖరి వాన అందలేదని ఆయన చెప్పేయగలడు.

"ఈ లెక్కంతా మీ మామ ఇంటికాడే చేసుకోని వస్తాండె. నేనొగటి చెప్తే ఆయప్పొగటి. పొద్దు గూకేదాకా కొట్లాడి, బస్తాకు ఇరవై రూపాయలు ఎక్కిచ్చుకోనే పోతాండె. పోయేటప్పుడు మళ్లా నాకే బీడీ ఇస్తాండె."

2025-26కు వేరుశనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఇక్కడ ఆ ధర పలుకుతోందా అని అడిగాను. గుమాస్తా నాకు టీ చెప్పాడు.

ఊరికి ఆటో 400 అన్నాడు. అమ్మ 200 అంది. దారిలో ఇంకొందరిని ఎక్కించుకునే షరతు మీద 250కి కుదిరింది. దారి పొడవునా పెరికిన వేరుశనగ చెట్లు కుప్పలు పెట్టి ఉన్నాయి, పక్కనే కంది పూత మీద పచ్చగా నిలబడి ఉంది. నా చిన్నప్పుడు ఈ దారిలో వేరుశనగ తప్ప ఇంకో పైరు వెతికినా దొరికేది కాదు. ఇప్పుడు చాలా చేలు కందికి మారిపోయాయి.

నవంబరు 15, ఊరు

మా పెద్దత్త నన్ను చూడగానే "సన్నబడినావు" అంది. అది నిజం కాదు. సంగటి ముద్ద, శనక్కాయల ఊరుబిండి పచ్చడి, కందిపప్పు. ఊరుబిండి రోట్లో దంచిందే. మిక్సీలో వేస్తే మెత్తగా మట్టిలా అవుతుందని అత్త మిక్సీని ఆ పనికి ముట్టనివ్వదు. సంగటి మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. మామ ఉన్నప్పుడు నెయ్యి చెంచాతో కొలిచేవాడు.

నడవలో గోడకు ఒక ఎరువుల కొట్టు క్యాలెండరు వేలాడుతోంది. కింద రేకు పెట్టెలో పాతవి చుట్టలు చుట్టి ఉన్నాయి. ఎలుకలు కొట్టగా మిగిలినవి. మామ చదివింది ఐదో తరగతి. ప్రతి తేదీ గడిలో పెన్సిల్‌తో వాన సంగతి రాసేవాడు. ఎక్కువ గడులు ఖాళీ. అక్కడక్కడ "తుంపర". "సగం పదును". పదునంటే విత్తడానికి సరిపడా నేల తడి. ఏరువాక రోజుల్లో ఒకచోట రెండు గీతలు గీసి "మంచి పదును". మబ్బు పట్టి, ఉరిమి, వాన పక్క ఊరికి పోయిన రోజున ఒకటే మాట: "మోసం". ఒక జులై పేజీలో మోసాలు ఎన్నో ఉన్నాయి.

అనంతపురం వైపు ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్య మేఘాలు ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతాయి. ఆ సగటు కూడా కాగితం మీది లెక్కే. విత్తనం పడ్డాక ఒకసారి, పూత నుంచి ఊడ నేలలోకి దిగేటప్పుడు ఒకసారి, కాయ ఊరేటప్పుడు ఒకసారి పడాలి. మిగతా వానంతా ఒక్క రాత్రిలో పడినా ఒరిగేదేమీ లేదు. అదను, పదును రెండూ కలిసిరావడం అనే మాట మామ నోట వినీ వినీ నాకు చిన్నప్పుడు విసుగొచ్చేది.

పెట్టెలో 2000 సంవత్సరం క్యాలెండరు కూడా ఉంది. ఆగస్టులో "తలలు మాడుతాండాయి" అని ఉంది. తర్వాత నెలల్లో ఒక్క అక్షరం లేదు.

ఆ సంగతి నాకు చిన్నమామ చెప్పాడు. గట్టు తగాదా ఆయనతోనే. వీధిలోనే నిలబడ్డాడు, గడప దగ్గరికి రాలేదు. అత్త బయటికి వచ్చి "ఏం మరిదీ, పిలవాల్నా?" అంటేనే లోపలికి అడుగుపెట్టాడు. కూర్చున్నాక మాత్రం వాళ్లన్న గురించి ఆయన చెప్పినంత ఇంకెవరూ చెప్పలేదు.

ఆ ఏడాది పైరు బాగా లేచిందట. తర్వాత చిగుళ్లు వాడి, చెట్టు పైనుంచి కిందికి నల్లబడి ఎండిపోవడం మొదలైంది. జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. మందు కొట్టినవాడికీ కొట్టనివాడికీ ఒకటే గతి. అది కాండం కుళ్లు వైరస్ అనీ, గట్ల మీద, దారుల పక్కన పెరిగే వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఉండి తామర పురుగులతో పైరుకు అంటుతుందనీ శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేస్తే అడ్డుపడుతుందని కూడా చెప్పారు.

"అప్పట్నించీ మా యన్న ప్రతేడూ విత్తనానికి ముందు గట్టు మీద వయ్యారిభామ పెరికేవాడు. ఆయన పక్కదే కాదు, నా పక్కదీ. నేను నా గట్టు యాల తొక్కినావని కేకలేస్తాంటి. ఆయన పలికేవాడు కాదు. పెరికి నా చేన్లోనే యేసి పోతాండె."

ఇందులో ఎంత ప్రేమో, ఎంత పంతమో చిన్నమామకే తెలియదు. నాకైతే పంతమే ఎక్కువ కనిపించింది.

సంవత్సరీకం వంట దగ్గర గొడవైంది. కార్తీక మాసంలో మాంసమేమిటని కొందరు పెద్దవాళ్లు అడ్డం చెప్పారు. అత్త కాసేపు విని, "ఆయన బతికినన్నాళ్లు ఏ కార్తీకం చూసినాడు? కోయండి" అంది. పొట్టేలు కోశారు. అడ్డం చెప్పినవాళ్లలో ఇద్దరు రెండోసారి వడ్డించుకున్నారు.

సమాధి చేనులోనే ఉంది, తూర్పు గట్టుకు దగ్గరగా. విస్తట్లో అన్నం, కూర, ఓళిగలు, పక్కన బీడీల కట్ట, అగ్గిపెట్టె. బావ ఒక బీడీ వెలిగించి రాతి మీద పెట్టాడు. గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. "నాయనకు రెండోపారి ఎలిగిస్తే కోపం, అగ్గిపుల్ల దండగ అంటాడు" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అమ్మ కూడా.

తిరిగొచ్చేటప్పుడు బావ ఒక మూల ముళ్లకంప కప్పిన గుంత చూపించాడు. 2003లో మామ వేయించిన బోరు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే ఒకాయన వచ్చాడట, ఆ మూలకు రాగానే కాయ లేచి నిలబడిందట. 420 అడుగులు దించితే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కొబ్బరికాయ ఆయన ఫీజు మాత్రం ముందే తీసుకున్నాడు. మామ మళ్లీ బోరు జోలికి పోలేదు. చుట్టుపక్కల ఒక్కో రైతు నాలుగైదు బోర్లు వేయించి అప్పుల్లో మునిగిన ఊళ్లవి. ఒక్కదానితో ఆగడం తక్కువ తెలివేమీ కాదని నేనంటాను.

నవంబరు 16, తిమ్మమ్మ మర్రిమాను

పొద్దున్నే బావ బైకు మీద బయల్దేరాం. గూటిబైలు దారి తనకు కళ్లు మూసుకున్నా తెలుసన్నాడు. కళ్లు తెరుచుకునే ఒక చీలిక దగ్గర ఎడమకు తిప్పాడు. తారు పోయి మట్టి వచ్చింది, మట్టి పోయి బండ్లబాట వచ్చింది, చివరికి ఒక చేను మధ్యలో తేలాం.

అక్కడ ఆడవాళ్లు చెట్లు పెరుకుతున్నారు. దారి అడిగితే, "అట్నే పోదురు గానీ, కాయలు తిని పోండి" అన్నారు. ఎండు కంప పోగేసి, దాని మీద వేర్లు పైకొచ్చేలా పచ్చి చెట్లు పరిచి అగ్గి పెట్టారు. ఆకు చిటపటలాడి కాలిపోయింది, కాయలు నల్లగా మాడి కింద రాలాయి. బూడిదలోంచి ఏరుకుని, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ వలుచుకు తిన్నాం. లోపలి గింజ మెత్తగా, తియ్యగా, పొగ వాసనతో ఉంటుంది. డబ్బివ్వబోతే ఒకావిడ, "ఏం నాయనా, అంగడి అనుకుంటివా?" అని కసిరింది. వాళ్లకు కూలి రోజుకు 350 ఇస్తున్నారట, మధ్యాహ్నం సంగటి రైతుదే.

బావ నోరు అక్కడే కదిలింది. 2000లో పంట పోయాక మామ రెండేళ్లు బెంగళూరులో, కడుతున్న అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఇది నాకు తెలియదు. మా అమ్మకే తెలియదు. అప్పట్లో ఫోన్ చేస్తే అత్త "చేనికి పోయినాడు" అనేదట. చెల్లెలింట్లో పరువు పోతుందని మామే అలా చెప్పమన్నాడు. నెలకోసారి వచ్చి జీతం అత్త చేతిలో పెట్టి, కూతురి, అంటే మా వదిన, కాలేజీ ఫీజు రసీదు చూసి, మర్నాడు తెల్లారి బస్సుకు వెళ్లిపోయేవాడు.

మర్రిమాను దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఐదెకరాలకు దగ్గరగా పరుచుకున్న చెట్టు ఇది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఏది మొదలో ఏది ఊడో తెలియదు. 1434లో తిమ్మమ్మ అనే ఆవిడ భర్త చితిలో సహగమనం చేసిందనీ, చితికి నాటిన గుంజ ఒకటి చిగురించి ఈ మాను అయిందనీ చెబుతారు. పిల్లలు లేనివాళ్లు వచ్చి మొక్కుకుంటారు. మామకూ అత్తకూ పెళ్లైన ఆరేళ్లు పిల్లల్లేరు. ఎద్దులబండి అరువు తెచ్చుకుని ఇక్కడికి వచ్చారట. అత్త పొంగలి పెట్టి మొక్కుకుంటుంటే, మామ ఊడలు లెక్కపెడుతూ వెళ్లి ఎంతకీ తిరిగి రాలేదట. ఆ తర్వాత పుట్టింది మా వదిన. ఆమె పేరులో తిమ్మమ్మ ఉండడానికి కారణం అదే. ఊడల లెక్క ఎంతకు తేలిందో మామ ఎవరికీ చెప్పలేదు. మధ్యలో తప్పి ఉంటాడని బావ అనుమానం.

నవంబరు 17, మళ్లీ ఊరు

నాకు ముందునుంచీ ఒక ప్రశ్న ఉంది. పదేళ్లలో మూడేళ్లు కూడా సరిగ్గా చేతికిరాని వేరుశనగను మామ ఎందుకు వదల్లేదు? మా నాన్న అడిగాడు, బావ అడిగాడు, వ్యవసాయాఫీసు వాళ్లూ అడిగారు. మామ అందరికీ "చూద్దాం లే" అనేవాడు. అందరం దాన్ని మొండితనం కింద కట్టేశాం.

తెల్లారి అత్తతో పాలకేంద్రానికి నడిచాను. రెండు ఎనుములు, అంటే గేదెలు, నాలుగున్నర లీటర్లు. అక్కడి అబ్బాయి మిషన్లో చుక్క వేసి చీటీ ఇచ్చాడు: వెన్న 7.1, 240 రూపాయలు. పదిరోజులకోసారి డబ్బు అత్త ఖాతాలో పడుతుంది. పిల్లల పుస్తకాలు, పండగ బట్టలు, మామ మోకాలికి మందులు, కిరాణా అప్పు అన్నీ ఆ చీటీల్లోంచే వచ్చాయి.

దారిలో అత్తనే అడిగాను, మామ వేరుశనగ ఎందుకు మానలేదని. అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"మానేస్తే ఎనుములకు కట్టె యాడిది నాయనా? కాయ రాకున్నా కట్టె వస్తాదే. కంది కట్టె పొయ్యిలోకి తప్ప దేనికి?"

ఇంటి వెనక వామి చూపించింది. కట్టె అంటే కాయలు కోశాక మిగిలే ఎండు వేరుశనగ చెట్టు. అది నిచ్చెన వేసుకుని ఎక్కేంత ఎత్తున ఉంది, పైన జొన్నసొప్ప కప్పి తాళ్లతో కట్టారు. ఒక కట్ట లాగి వాసన చూడమంది. ఎండినా ఆకు ఇంకా పచ్చరంగులోనే ఉంది, తియ్యటి గడ్డి వాసన. వానకు తడిస్తే నల్లబడి బూజు పడుతుందనీ, ఎనుములు మూతి తిప్పేస్తాయనీ చెప్పింది. అందుకే మామ కాయల కంటే ముందు కట్టెకు తాళ్లు బిగించేవాడట.

2000లో ఏమైందో అప్పుడు అర్థమైంది. ఆ ఏడు చెట్టుకు చెట్టే మాడింది, కాయతో పాటు కట్టె కూడా పోయింది. మేపలేక ఎనుముల్ని సంతకు తోలారు. అవి పోయాయి కాబట్టే ఆయన బెంగళూరు బస్సు ఎక్కాడు. వచ్చిన జీతంతో మొదట కొన్నది ఎనుమునే. నలుగురూ మామను శనక్కాయల రైతు అంటారు. ఆ ఇంటిని నడిపింది అత్త పాలచెంబు, దానికి మేత పండించింది మామ. ఇద్దరికీ ఇది ఎంత మామూలు సంగతంటే, ఎవరికైనా చెప్పాలని కూడా తోచలేదు.

మధ్యాహ్నం తిండి దగ్గర బావ వచ్చే ఏడు మొత్తం కంది వేస్తానన్నాడు. ఖర్చు తక్కువ, వాన ఆలస్యమైనా తట్టుకుంటుంది, మాట్లాడిందంతా సబబుగానే ఉంది. అత్త వినేసి, "వామి యెవరు కడతారో చెప్పి ఏసుకో" అంది. కోడలు ఎనుముల్నే అమ్మేద్దామంది. చిన్నమామ ఎప్పుడు వచ్చాడో, ఈసారి పిలవకుండానే గడప దాటి, "రెండెకరాలు శనక్కాయ, మూడు కంది" అని తీర్పు చెప్పాడు. అతని గట్టు సంగతి ముందు తేల్చమని అత్త అంది. నేను బస్సుకు టైమైందని లేచాను.

అత్త ఒక సంచి నిండా కాయలు కట్టిచ్చింది. కండక్టరు దాన్ని చూసి లగేజీ టికెట్ తీయాలన్నాడు. అమ్మ సంచి మూతి విప్పి, అతనికి దోసెడు కాయలు పెట్టింది. అతను వలుచుకుని తింటూ "బాగుండాయమ్మా, యా ఊర్వి?" అని అడిగి, చివరికి 60 రూపాయల టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. అమ్మకు గుత్తి దాటేదాకా కోపం తగ్గలేదు. "మా అన్నయ్యుంటే ఆ కాయలు వాడి జేబులోంచి తీసుకునేవాడు" అంది.